కుర్చీ వీపు మీద పేరు

ఎనామిల్ పెయింటు వాసనకి చాలామందికి తలనొప్పి వస్తుంది. నాకు మాత్రం ఆ వాసన తగిలితే కడుపు నిండినట్టుంటుంది. ఈ ఉదయం నేను మా సెంటరుకి వెళ్ళేసరికి పెయింటర్ మస్తాన్ అప్పటికే వరండాలో చతికిలబడి, కొత్త చెక్క కుర్చీని బోర్లా వాల్చి, దాని వీపు మీద సుద్దముక్కతో గీత గీసుకుంటున్నాడు. నీలం రంగు డబ్బా మూత స్క్రూడ్రైవరుతో లేపగానే వాసన గుప్పుమంది. "ఎవరి పేరక్కా?" అని అడిగాడు కుంచె తుడుచుకుంటూ. చెప్పబోయి ఆగాను. "ముందు టీ తాగిరా, చెప్తా" అన్నాను. పేరు తెలియక కాదు. అది చెప్పేముందు ఇంకొకరిని కాసేపు తలుచుకోవాలనిపించింది.

ఆ ఇంకొకరు సువార్తమ్మ టీచరు గారు. మీరు ఆవిడని చూసి ఉండరు. చూసి ఉంటే మర్చిపోయి ఉండరు. సన్నగా, వెదురు గడలా ఉండేవారు. గొంతు మాత్రం స్కూలు గంటతో పోటీ పడేది. నందిగామలో హెడ్మిస్ట్రెస్‌గా రిటైరై, భర్త పోయాక జగ్గయ్యపేటకి వచ్చి ఒక గది అద్దెకి తీసుకున్నారు. కొడుకు ఆర్టీసీ కండక్టరు, నందిగామలోనే సొంత ఇల్లు. మరి అక్కడ ఉండరేమండీ అని అడిగితే, "మా కోడలు లలిత బంగారం. కానీ ఒక వంటింట్లో ఇద్దరు హెడ్మాస్టర్లు పనికిరారు" అనేవారు. ఉద్యోగంలో ఉండగా ఒక ఆడపిల్ల ఎప్పుడూ బడికి రాకపోతే ఆ పిల్ల ఇంటికి వెళ్ళారట. తల్లి కూలికి పోతే, కళ్ళు కనపడని నాయనమ్మకి కాపలాగా ఆ పిల్ల ఇంట్లో కూర్చుని ఉంది. టీచరు గారు ఆ పిల్లని బడికి తరిమి, తాను ఆ ముసలావిడ పక్కన కూర్చున్నారు. "ఆ పూట టీచరు బడి ఎగ్గొట్టింది, పిల్ల బడికెళ్ళింది. అంతే, అక్కడ మొదలైంది ఈ పిచ్చి" అని నవ్వేవారు.

ఆ పిచ్చి మా ఇంటిదాకా వచ్చిన రోజు నాకు బాగా గుర్తు. మా ఆయన ప్రసాదు మిర్చి వ్యాపారుల దగ్గర కాటా గుమస్తా. ఒకనాడు బస్తాల లారీ మీద నుంచి జారిపడ్డారు. ప్రాణం దక్కింది గానీ నడుము కింద స్పర్శ పోయింది. విజయవాడ ఆసుపత్రి నుంచి తీసుకొచ్చి మంచం మీద పడుకోబెట్టాక, ఆ మంచానికి నన్ను కూడా కట్టేసినట్టే అయింది. వీధి కుళాయి దాకా వెళ్ళటమే నాకు ఊరు తిరగటం. చూడటానికి వచ్చినవాళ్ళంతా ఆయనకెట్లా ఉందని అడిగి, అరటిపళ్ళు పెట్టి వెళ్ళిపోయేవాళ్ళు. టీచరు గారు గొడుగు ఊపుకుంటూ వచ్చి, అడక్కుండానే స్టూలు లాక్కుని కూర్చున్నారు.

"ఏమ్మాయ్, అన్నం తిన్నావా?" అన్నారు.

"ఇప్పుడే పెట్టానండి ఆయనకి."

"ఆయన్ని అడగట్లా. నిన్నే."

పొద్దుట తిన్నానో లేదో నిజంగానే గుర్తు లేదు. ఆవిడ గొడుగు గోడకి ఆనించి, "సరే, చెప్పులేసుకో. రెండు గంటలు ఎటన్నా పోయి రా. నేను కూర్చుంటా" అన్నారు.

"ఎక్కడికండి?"

"నాకేం తెలుసు? పో."

ముక్కూ మొహం తెలియని మనిషి వచ్చి నా ఇంట్లోంచి నన్ను పొమ్మంటే ఒళ్ళు మండింది. కానీ హెడ్మిస్ట్రెస్ గొంతుకి ఎదురు చెప్పే చదువు నేను చదవలేదు. వెళ్ళి బస్టాండులో బెంచీ మీద కూర్చున్నాను. ఖమ్మం బస్సు పోయింది, విజయవాడ బస్సు పోయింది. నా ప్రాణమంతా ఇంట్లోనే ఉంది. ఆయనకి దాహమవుతుందేమో, మూత్రం గొట్టం మెలిపడిందేమో, ఆవిడకి ఏం తెలుసు? అరగంట తిరక్కుండా పరుగున వచ్చేశాను. తలుపు లోపల గడియ పెట్టి ఉంది.

"ఎవరది?"

"నేనండి, సుజాతని."

"టైము కాలేదు. పో."

"మా ఇల్లేనండీ అది!"

"ఐతే ఏంటి? టైము కాలేదన్నానా?"

అప్పుడు లోపల నుంచి ఒక చప్పుడు వినిపించింది. మా ఆయన నవ్వు. పడ్డాక ఆయన నవ్వటం నేను వినలేదు. ఆ తలుపు ముందు మెట్టు మీద కూలబడి కరువుతీరా ఏడ్చాను. ఏడ్చాక ఆకలి తెలిసింది. వీధి చివర బండి దగ్గరికి వెళ్ళి మిరపకాయ బజ్జీలు తిన్నాను, నోరు మండుతుంటే మళ్ళీ తిన్నాను. తిరిగొచ్చేసరికి తలుపు తీసే ఉంది. ఆవిడ వెళ్ళాక, "అంత నవ్వించింది ఏం చెప్పిందండీ?" అని ఆయన్ని అడిగాను. "చెప్పటం కాదు, పందొమ్మిదో ఎక్కం అప్పజెప్పమంది. మధ్యలో ఆగితే గొడుగు చూపించింది" అన్నారు. ఆ రోజు నుంచి మా ఇంట్లో వారానికొక మధ్యాహ్నం గొడుగు గోడకి ఆనేది.

ఆవిడ ఒక్కరే ఎన్ని ఇళ్ళలో కూర్చుంటారు? నర్సు ఉద్యోగం చేసి మానేసిన ఒకావిడ చేత మా పేటలోనే కొందరు ఆడవాళ్ళకి పని నేర్పించారు. మంచం మీద మనిషిని పక్కకి తిప్పటం, అన్నం తినిపించటం, మాట్లాడలేని పిల్లల సైగలు తెలుసుకోవటం. వాళ్ళకి కొద్దిగా జీతం. ఆ ఏర్పాటుకి పేరేమీ పెట్టలేదు. "ఇవాళ మా ఇంటికి తోడు వస్తది" అని మేమే అనుకునేవాళ్ళం, ఆ మాటే నిలిచింది. బస్టాండు వెనక వీధిలో ఒకప్పుడు పత్తి నిల్వ చేసిన షెడ్డుని బాగుచేయించి, చక్రాల కుర్చీ ఎక్కటానికి వాలుగా సిమెంటు పోయించి, దాన్ని సెంటరు చేశారు. నడవలేని పిల్లలు, మాట రాని పిల్లలు పగలు అక్కడ ఉండేవాళ్ళు.

ఆ షెడ్డులో ఉన్న ప్రతి వస్తువూ ఎవరో ఒకరు ఇచ్చిందే. ఇచ్చినవాళ్ళు ఊరికే ఇస్తారా? పంకా రెక్కల మీద పేర్లు, గోడ గడియారం మీద పేరు, మంచినీళ్ళ స్టీలు డ్రమ్ము మీద చుక్కలతో కొట్టిన పేరు, కీర్తిశేషులైన తల్లిదండ్రుల పేర్లు, వాళ్ళ ఊరు. ఒక ట్యూబులైటు మీద దాత గారి పేరు బిరుదులతో సహా ఎంత పొడుగు రాశారంటే, వెలుతురు రెండు చివరల నుంచి మాత్రమే వచ్చేది. నాకు చిరాకేసి, "దీన్ని తుడిచేద్దామండీ" అన్నాను ఒకసారి. టీచరు గారు ఒప్పుకోలేదు. "పేరు కోసమైనా ఇచ్చాడు కదే. ఇయ్యనోళ్ళ పేరేగా ఎక్కడా లేంది. చదువుకోటానికి వెలుతురు కావాలంటే చివర కూర్చో" అన్నారు. ధర్మం చేసేవాళ్ళ మీద ఆవిడకి పెద్ద భక్తీ లేదు, వెటకారమూ లేదు. వానకి గిన్నె పట్టినట్టు, వచ్చింది పట్టుకునేవారు.

హైదరాబాదులోని ఒక ట్రస్టు మా తోడు మనుషుల జీతాలు ఇవ్వటానికి ఒప్పుకున్నాక నాకు మంచి రోజులొచ్చాయి. మధ్యాహ్నాలు తోడు వస్తుంది గనక నేను స్కూలు యూనిఫారాలు కుట్టే షాపులో పనికి కుదిరాను. మా ఇంట్లోకి వచ్చే జీతం అదొక్కటే. ఒక ఆదివారమైతే తోడు పొద్దంతా ఉంటానంటే, బస్సెక్కి పరిటాల వెళ్ళాను. ఎందుకంటే చెప్పటానికి సిగ్గు. ఆయన్ని అంబులెన్సులో తెస్తున్నప్పుడు ఆ కిటికీలోంచి పరిటాల ఆంజనేయస్వామి మోకాళ్ళు మాత్రమే కనిపించాయి. మొహం చూడాలని అప్పటి నుంచి మనసులో ఉండిపోయింది. మాది చర్చికి వెళ్ళే కుటుంబం, ఎవరేమనుకుంటారోనని టీచరు గారికి భయపడుతూ చెప్పాను. "మరి చూసావా మొహం?" అని అడిగారు ఆవిడ. చూశానన్నాను. "మంచిపని చేసావ్. మోకాళ్ళ దగ్గర ఆగిపోతే ఎట్లా?" అన్నారు.

ఇంతలో ట్రస్టు నుంచి ఒక మేడమ్ గారు చూడటానికి వస్తున్నారని కబురొచ్చింది. ఇక్కడే మేమంతా కలిసి ఒక ఘనకార్యం చేశాం. అందులో పెద్ద వాటా టీచరు గారిదే. ముందురోజు అందర్నీ కూర్చోబెట్టి, "ఏడుపు మొహాలేసుకుని నిలబడకండి. మనమేం అడుక్కోవట్లా. శుభ్రంగా తయారై రండి" అన్నారు. అంతే, పెట్టెల్లో పట్టుచీరలు బయటికొచ్చాయి. నేను నా పెళ్ళిచీర కట్టి, మూరెడు మల్లెపూలు పెట్టుకున్నాను. ఇంటికొచ్చిన మనిషిని ఉత్తి కడుపుతో పంపుతామా? ఒకరు పులిహోర, ఒకరు కోడికూర, ఒకరు చేపల పులుసు, గోంగూర పచ్చడి నాది. ఇంట్లో ఈగల మోత, బయట పల్లకీ మోత అంటారే, ఆ పల్లకీ మేమే మోశాం.

మేడమ్ గారు మంచి మనిషి. కింద చాప మీద కూర్చుని ఒక్కొక్కరినీ ఓపిగ్గా అడిగారు. "ఇంట్లో మీకు ఇబ్బందిగా ఉంటోందా?"

"అబ్బే, ఏం లేదండి. అంతా బాగానే ఉంది. ఇంకొంచెం కూర వేయించుకోండి."

నా వంతు వచ్చింది. "రాత్రుళ్ళు నిద్ర పడుతుందా అమ్మా?"

"హాయిగా పడుకుంటానండి" అన్నాను. ఒళ్ళు పుండ్లు పడకుండా రాత్రి మధ్యమధ్యలో లేచి ఆయన్ని పక్కకి తిప్పాలి. తెల్లారేదాకా ఏకధాటిగా పడుకోవటం ఎట్లా ఉంటుందో నేను మర్చిపోయాను. కానీ కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుందని మా అమ్మ నేర్పింది. పరాయి ఊరి మనిషి, అందులోనూ మన ఇంట్లో భోజనం చేస్తున్న మనిషి, బాగున్నారా అని అడిగితే బాగోలేదని చెప్పటం మా ఎవరికీ చేతకాదు. శాలువా కప్పి, కారుదాకా వెళ్ళి, డిక్కీలో గోంగూర పచ్చడి సీసా పెట్టి సాగనంపాం. ఆ సాయంత్రం ఎంత బాగా జరిగిందోనని చెప్పుకుని మురిసిపోయాం.

కొన్ని రోజులకి ఫోనొచ్చింది. నేను సెంటరులోనే ఉన్నాను. టీచరు గారు స్పీకరు పెట్టారు. మేడమ్ గారు చాలా మర్యాదగా చెప్పారు. మా ఆతిథ్యం మర్చిపోలేరట. ఆడవాళ్ళంతా ఆరోగ్యంగా, సంతోషంగా ఉండటం చూసి వాళ్ళ పెద్దలకి కూడా తృప్తిగా ఉందట. అందువల్ల చక్రాల కుర్చీలకి, మంచాలకి సాయం చేస్తారట. ఇంటింటికీ మనిషిని పంపే ఖర్చు మాత్రం ఇక అవసరం లేదనుకుంటున్నారట. ఈ ఏడాది ఆఖరుతో అది ఆపేస్తారట. టీచరు గారు ఫోను పెట్టేసి, కళ్ళజోడు తీసి చాలాసేపు తుడుచుకున్నారు. ఆ తర్వాత పకపకా నవ్వారు.

"అడగందే అమ్మైనా పెట్టదంటారు కదే. మనం అడగలా సరిగదా, వాళ్ళకే పెట్టి పంపాం."

నాకు నవ్వు రాలేదు. తోడు ఆగిపోతే నా పని పోతుంది. పని పోతే బియ్యం ఎట్లా, ఆయన మందులెట్లా? ఆ మాటే అన్నాను, అని ఏడ్చాను. "నేను చెప్పబట్టే కదా మీరంతా పట్టుచీరలు కట్టింది. నీ పని పోదు, ఏడవమాక. కోతపండక్కి ఇంకా టైముంది" అన్నారావిడ. కోతపండుగకీ నా కుట్టుపనికీ సంబంధమేంటో ఆ క్షణాన నాకు అర్థం కాలేదు.

మా చర్చిలో కోతపండుగ అంటే ఎవరి చేతిలో ఏది పండితే అది తెచ్చి దేవుడి ముందు పెట్టటం. కొత్త బియ్యం, మిరపకాయలు, కోడిపుంజు, అరటిగెల. ప్రార్థన అయ్యాక షామియానా కింద వాటిని వేలం వేస్తారు. అందులో ఒక తమాషా ఉంది. పాడుకున్నవాడు డబ్బు కట్టి, వస్తువుని ఇంటికి తీసుకుపోడు. "మళ్ళీ పాటకి పెట్టండి" అంటాడు. ఇంకొకరు పాడతారు, వాళ్ళూ అదే మాట అంటారు. ఒక్క గుమ్మడికాయ సాయంత్రంలోగా సగం ఊరి చేతులు మారి, చివరికి పాస్టరు గారింట్లో దప్పళమవుతుంది. ఆ ఏడాది గుమ్మడికాయ పాట అయిపోయాక టీచరు గారు లేచి, సెంటరు నుంచి తెప్పించిన ఒక పాత చెక్క కుర్చీని బల్ల మీదకి ఎక్కించారు.

"దీన్ని అమ్మట్లా. దీన్లో కూర్చోటానికి మనుషులు కావాలి. మంచాన ఉన్నోళ్ళ పక్కన, మాట రాని పిల్లల పక్కన. ఇంటి మనిషి కాసేపు గాలి పీల్చుకునేదాకా. జీతం ఇయ్యగలిగినోళ్ళు జీతం పాడండి. పూట ఇయ్యగలిగినోళ్ళు పూట పాడండి. పాడినోళ్ళు ఏ పేరు చెప్తే ఆ పేరు దీని మీద రాయిస్తా."

కోడిపుంజుకి ఎగబడి పాడే జనం కుర్చీని చూసి తల దించుకున్నారు. వెనక వరసలో వెంకట్రామయ్య గారు లేచారు. ఆయన పక్క పల్లెలో మిరప వేసే పెద్ద రైతు. ఆయనది చర్చికొచ్చే ఇల్లు కాదు. ఆయన చేలో కోతలకి వెళ్ళేది మావాళ్ళే గనక ఏటా వచ్చి ఏదో ఒకటి పాడి వెళ్తారు.

"ఏడాది పొడుగునా తోడు మనుషుల జీతం నాది టీచర్ గారూ."

చప్పట్లు మోగాయి. టీచరు గారు, రంగు డబ్బాతో రప్పించిన మస్తాన్ వైపు చూసి, "రాయటానికి సిద్ధంగా ఉండు" అని, ఆయనతో, "పేరు ఇంటిపేరుతో సహా రాయించమంటారా అండీ?" అన్నారు.

"నా పేరొద్దండి. మా అమ్మ పేరు రాయించండి. అన్నపూర్ణమ్మ."

"ఆవిడ జ్ఞాపకార్థం అని రాయిద్దామా?"

"అట్లా కాదండి." ఆయన తువ్వాలు భుజం మీంచి తీసి చేతిలో పట్టుకున్నారు. "మా నాయన మంచాన పడ్డాక మా అమ్మ ఆ గది దాటలా. మా చెల్లెలి పెళ్ళి మా ఇంటి ముందే పందిరేసి చేసాం. కన్యాదానం బాబాయి, పిన్ని చేసారు. ముహూర్తం టైముకి నాయనకి ఆయాసమొచ్చింది. మా అమ్మ గదిలో కూర్చుని మేళం విన్నదే గాని, కూతురి పెళ్ళి చూళ్ళా. అంతమందిమి ఉన్నాం. ఆ కాసేపు నాయన పక్కన ఒక్క మనిషి కూర్చుంటే సరిపోయేది. ఎవరికీ తట్టలా. నాక్కూడా."

టీచరు గారు కుర్చీ వీపు మీద చెయ్యి ఆనించారు.

"సగం చాలండి. మొత్తం మీరే ఇస్తే, మిరప రేటు పడిపోయిన ఏడు మా గతేంటి? ఒక్కళ్ళ మీదే ఆనుకుని ఒకసారి పడ్డాం. మిగతా సగానికి కుర్చీ మళ్ళీ..."

"మళ్ళీ పాటకి పెట్టండి" అన్నారు వెంకట్రామయ్య గారు నవ్వుతూ. జనం గొల్లున నవ్వారు.

ఆ తర్వాత ఆ కుర్చీ ఆగలేదు. ఒక తాపీమేస్త్రి బుధవారం మధ్యాహ్నాలు తనే వచ్చి కూర్చుంటానని పాడి, వాళ్ళ వదిన పేరు చెప్పాడు. ఇద్దరు బడి పంతుళ్ళు కలిసి ఒక మనిషి జీతం పాడారు. ఒక పెద్దాయన చిన్నప్పుడు తనని ఎత్తుకు తిరిగిన అక్క పేరు చెప్పి, ఏం పాడాలో మర్చిపోయి కూర్చున్నాడు. అన్నేళ్ళుగా ఒకే వీధిలో ఉంటున్నా ఎవరింట్లో ఎవరు ఎవరిని మోస్తున్నారో ఆ పూటే మాకు తెలిసింది. ఇంతలో చక్రాల కుర్చీలో నా పక్కనే ఉన్న మా ఆయన చెయ్యెత్తారు.

"టీచర్ గారూ, నేనూ పాడొచ్చా?"

"నోరుంది కదా, పాడు."

"నేనిచ్చేది డబ్బు కాదండి. ఫోనులో మాట్లాడగలను. ఏ పూట ఎవరింటికి ఎవరెళ్ళాలి, ఎవరన్నా రాకపోతే బదులు ఎవరిని పంపాలి, ఆ పని నాది. కాటా దగ్గర అందర్నీ కేకలేసి పని చేయించిన వాణ్ణే."

"పేరు?"

"సుజాత."

నేను కొంగు నోట్లో కుక్కుకున్నాను. పెళ్ళిపీటల మీద కూడా అంత సిగ్గుపడలేదు, అంత ఆనందమూ ఎరగను. నా పేరు మీద రేషను కార్డు తప్ప ఇంకేమీ ఉండేది కాదు. ఆ సాయంత్రం పేర్లన్నీ రాయటానికి ఒక కుర్చీ వీపు చాలక, మస్తాన్ సెంటరులో ఉన్న కుర్చీలన్నీ బయటికి తెప్పించాడు. పంకాల మీద ఇచ్చినవాళ్ళ పేర్లు, కింద కుర్చీల మీద మోసేవాళ్ళ పేర్లు, ఇప్పటికీ మా సెంటరులో అంతే. తోడు ఒక్క పూట కూడా ఆగలేదు. నా పనీ పోలేదు. తర్వాత ట్రస్టు మేడమ్ గారు మళ్ళీ వస్తానంటే టీచరు గారు ఈసారి, "వంటలొద్దు, పట్టుచీరలొద్దు. అడిగినదానికి ఉన్నదున్నట్టు చెప్పండి, నేనే ముందు చెప్తా" అని ఆజ్ఞ వేశారు. మేడమ్ గారు మా ఇంట్లో ఒక పూటంతా కూర్చుని చూశారు. వాళ్ళూ ఒక వాటా ఇవ్వటం మొదలుపెట్టారు. ఎవరూ వండొద్దన్నా, ఆవిడ వెళ్ళేటప్పుడు కారు డిక్కీలో గోంగూర సీసా ఎట్లా వచ్చిందో మాత్రం నన్ను అడక్కండి.

కిందటేడు టీచరు గారు బాత్రూములో జారిపడి తుంటి ఎముక విరగ్గొట్టుకున్నారు. ఇక ఒంటరిగా ఉండటానికి వీల్లేదని కొడుకు వచ్చి నందిగామ తీసుకెళ్ళాడు. మొదటిసారి చూడటానికి వెళ్ళినప్పుడు లలిత నాకు కాఫీ ఇచ్చింది. బాగున్నావా అని నేనడిగితే, "నాకేమండి, బాగానే ఉన్నా. ఏం ఇబ్బంది లేదు. అన్నం తిని వెళ్ళండి" అంది. కళ్ళ కింద నలుపు, ఒక చెయ్యి నడుం మీద. ఆ మాట నాకు కొత్తదా? పట్టుచీర కట్టుకుని మరీ చెప్పినదాన్ని. మా సెంటరు పేటకే పరిమితం, నందిగామకి తోడు లేదు. అందుకని గురువారం గురువారం నేనే వెళ్తున్నాను.

అలా మొదటి గురువారం వెళ్ళగానే లలితని చెప్పులేసుకోమన్నాను. "ఎక్కడికండి?" అంది. నాకేం తెలుసన్నాను. మంచం మీంచి టీచరు గారు గొణిగారు. "నాకెందుకే తోడు? నేనేమన్నా పసిపిల్లనా?" "తోడు మీకు కాదండి, ఆ అమ్మాయికి" అన్నాను. ఆవిడ నన్ను ఎగాదిగా చూసి, "నాకే పాఠాలు చెప్తన్నావే!" అని, "ఏదీ, పందొమ్మిదో ఎక్కం చెప్పు" అన్నారు. నేను సగంలో ఆగిపోయి తిట్లు తింటుండగా తలుపు చప్పుడైంది. అరగంట తిరక్కుండా లలిత వచ్చేసింది. గడియ నేనే పెట్టాను గనక లేవబోయాను. టీచరు గారు నా చెయ్యి పట్టుకుని ఆపారు. మంచం మీద నుంచే, స్కూలు గంట మోగినట్టు, "ఎవరది?" అన్నారు.

"నేనే అత్తయ్యా."

"టైము కాలేదు. పో!"

"మన ఇల్లే కదా అత్తయ్యా!"

"ఐతే ఏంటి?"

తలుపు అవతల చిన్నగా నవ్వు. తర్వాత మెట్లు దిగిపోతున్న చెప్పుల చప్పుడు. టీచరు గారు అది పూర్తిగా వినపడకుండా పోయేదాకా విని, అప్పుడు నా చెయ్యి వదిలారు.

మస్తాన్ టీ తాగి వచ్చాడు. "లలిత అని రాయి" అన్నాను. రాస్తూ రాస్తూ, "ఇన్ని పేర్లు రాసా, టీచరు గారి పేరు ఎక్కడా రాయలేదేంటక్కా?" అన్నాడు. ఎన్నోసార్లు అడిగాం మేము. "నేను కూర్చున్నా, అంతే. కూర్చున్నదానికి కూడా పేరేంటే?" అని కసిరేవారు. పేరుదేముంది, ఆవిడ దగ్గర నాకు వచ్చింది ఆ గడియ పెట్టటం. ఇంటి మనిషిని బయటికి పంపి, నమ్మకంగా తలుపేసి, లోపల నేనున్నానని చెప్పగలగటం. అంతకంటే పెద్ద విద్య నాకు రాదు, అక్కర్లేదు కూడా.

"తడి ఆరిందాకా ఉండి చూడవా అక్కా?" అన్నాడు మస్తాన్. ఉండటానికి లేదు, ఇవాళ గురువారం. నేను ఆలస్యం చేశానంటే లలిత చెప్పులు విప్పేసి లోపలే కూర్చుంటుంది.